అతుకుల బొంత: కూర్పుల చరిత్రమును, గుర్తించు విధమును

లోకమున నే కులమువారైనను దమ పూర్వుల ఘనతను జెప్పుకొనఁ దలఁచినపుడు రాజసేవలను, శాసనములను, దేవాలయములకుఁ జేసిన దానములను బేర్కొందురు. అది తగిన పనియే. కాని చరిత్రము శిలలమీఁదనే కాక బట్టలపెట్టెల యడుగునఁ గూడ దాఁగియుండును. మన యిండ్ల యటుకలమీఁదను, మంచములక్రిందను, పసిబిడ్డల తొట్లలోను నలిగి పడియున్న బొంతయు నట్టి చరిత్రపత్రమే. దానిని జదువుట యెట్లు, దానియందలి యతుకుల కూర్పులను గుర్తించి పేరు పెట్టుట యెట్లు అను విషయమును ఈ సంచికామూలమున మన సోదరీసోదరులకును, సంఘపోషకులకును విన్నవింపఁ దలఁచితిమి.

ఈ విషయ మెత్తుకొనఁగానే కొందఱు పెద్దలకు సంకోచము కలుగవచ్చును. "అతుకుల బొంత" యను పలుకు తెనుఁగున నిందగానే వాడఁబడుచున్నది. పొందిక లేని కావ్యమును, పొత్తు కుదరని ప్రభుత్వమును ఆ పేరనే హేళన చేయుచున్నాము. పిల్లలు చదువుకొని, ఉద్యోగములు సంపాదించి, కులము నలుగురిలోఁ దలయెత్తుకొనుచున్న కాలమునఁ బ్రాఁతగుడ్డల ముచ్చట సభకుఁ దెచ్చుట యేల యని యడుగుట సహజమే. దానికి మా ప్రత్యుత్తర మీ వ్యాసమంతయు. సూదియే జీవనాధారముగాఁ గల మేరకులమువారు అతుకును జూచి సిగ్గుపడినచో, కుమ్మరి మట్టిని జూచి సిగ్గుపడినట్లే యగును.

బొంత యననేమి?

పరుపు వేఱు, రజాయి వేఱు, బొంత వేఱు. దూదేకులవారు ఏకి యిచ్చిన దూదిని సంచిగాఁ గుట్టిన గుడ్డలో నించి కట్టినది పరుపు. రెండు గుడ్డల నడుమఁ బలుచగా దూదిని బఱచి, అది చెదరకుండఁ గుట్టినది రజాయి. బొంతకు దూదితో నవసరము లేదు. వాడి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను దొంతిగాఁ బఱచి, లోపలఁ జిన్నముక్కలను సర్ది, పైనను గ్రిందను గట్టి చీర నొకదానిని బఱచి, సూదిని బైకిఁ గ్రిందికిఁ దీయుచు వరుసకుట్టుతో నన్ని పొరలను నొక్కటిగాఁ జేయుదురు. పలుమాఱులు నీటఁ దడిసి, యెండ కెండి, యుతుకుదెబ్బ తిన్న నూలుగుడ్డకుఁ గల మెత్తఁదనము క్రొత్తగుడ్డకు రాదు. చెమటను బీల్చు గుణమును దానికే యెక్కువ. అందుచేతనే చంటిబిడ్డక్రింద మన తల్లులు క్రొత్తగుడ్డను గాక బొంతను బఱచిరి. అది లేమివలనఁ జేసిన పని మాత్రమే కాదు, తెలిసి చేసిన పని.

ఇచ్చట నొక సత్యమును దాఁచరాదు. బొంత మన కులమువారి సొత్తని చెప్పుట చరిత్రమునకు విరుద్ధము. అది ప్రతి యింటి యాఁడువారి చేతిపని. కాఁపుటింటను, సాలెయింటను, బెస్తవారి యింటను బొంత కలదు. మన కులము చేసినది వేఱొకటి. గిరాకులకు రవికలును, చొక్కాలును గత్తిరింపఁగా మిగిలిన ముక్కలు మన యంగళ్లనుండి ఊరి యిండ్లకుఁ బోవుచుండెను. ఆ ముక్కలు వేర్వేఱు రంగులవి, వేర్వేఱు ఆకారములవి. ఉన్న చీరను మడిచి కుట్టు బొంతకుఁ గూర్పు అక్కఱలేదు. ముక్కలు చేతికి వచ్చినపుడే వానిని దేని ప్రక్క దేని నుంచవలె నను ఆలోచన పుట్టును. ఆ యాలోచనయే కూర్పు. కాఁబట్టి బొంతకుఁ దల్లి యా యింటి స్త్రీయే, మనము మేనమామల వంటి వారము.

వరిమడి కూర్పు

అతుకుపనికి లిఖితమైన ప్రాచీన నమూనా యెక్కడిది? మన దేశముదే. బౌద్ధుల వినయపిటకమునందలి మహావగ్గమున చీవరములను గూర్చిన ఖండమున నీ వృత్తాంతము కలదు. బుద్ధభగవానుఁడు రాజగృహమునుండి దక్షిణాగిరికిఁ బోవుచు మగధదేశపు వరిపొలములను జూచెను. గట్లచేత వరుసలుగాను, చతురస్రములుగాను విడిపోయి, గట్లు కలియు తావుల నాలుగు తెరువుల కూడలివలె నగపడుచున్న యా మళ్లను ఆనందునకుఁ జూపి, భిక్షువులకు నిట్టి చీవరములను గూర్పఁగలవా యని యడిగెను. ఆనందుఁ డటులనే గూర్చి చూపెను. బుద్ధుఁడు మెచ్చుకొని, ముక్కలుగాఁ గోసి కుట్టిన వస్త్రమునే ధరింపవలెనని విధించెను. కత్తివ్రేటు పడిన గుడ్డ శ్రమణునకుఁ దగియుండుననియు, దానిని శత్రువు లాశింపరనియుఁ గారణము చెప్పఁబడినది.

విశేషమేమనఁగా, ఆ గ్రంథమున నీ వస్త్రముయొక్క ప్రతి భాగమునకును బేరున్నది. నిలువుపట్టీకి "కుసి", అడ్డపట్టీకి "అడ్డకుసి", పెద్ద మడికి "మండలము", చిన్న మడికి "అడ్డమండలము", నడిమి పట్టెకు "వివట్టము", దాని ప్రక్క పట్టెలకు "అనువివట్టము", మెడదగ్గఱి ముక్కకు "గీవేయ్యకము" అని వ్యవహారము. ఐదు పట్టెలకుఁ దక్కువ కాకుండఁ గుట్టుట నియమము. పేరు పెట్టి భాగములను విడఁదీసి చెప్పుటయే శాస్త్రమునకు మొదటి మెట్టు గనుక, అతుకుల శాస్త్రము మన దేశమున నంతటి ప్రాచీనకాలముననే పుట్టినదనుట యతిశయోక్తి కాదు.

ఈ వృత్తాంతము మన విశాఖపట్టణమునకు దూరమైనది కాదు. అనకాపల్లి చేరువ శంకరమునందలి బొజ్జన్నకొండను 1907-08లో అలెగ్జాండరు రీ అను పురాతత్త్వవేత్త త్రవ్వించెను. భీమునిపట్టణపు దారిలోని బావికొండ 1982 మొదలు 1987 వఱకును, తొట్లకొండ 1988 మొదలు 1993 వఱకును ద్రవ్వఁబడినవి. సముద్రము నెదురుగా నుంచుకొని యా కొండలమీఁద శతాబ్దములపాటు వసించిన భిక్షువుల కా వినయమే శాసనము. వారి స్తూపములు మిగిలినవి, విహారములు మిగిలినవి. గుడ్డ నిలువలేదు. ఉప్పుగాలియుఁ జెదపురుగును గల మన తీరమున గుడ్డ నిలుచుట యరుదు. కాని యెడారి దానిని గాపాడినది. 1907లో ఆరెల్ స్టెయిను చీనాదేశపు తున్‌హ్వాంగు గుహనుండి సేకరించిన వస్తువులలోఁ బట్టుముక్కల నతికి కుట్టిన భిక్షువస్త్ర మొకటి కలదు. అది లండనునందలి బ్రిటిషు మ్యూజియమునఁ జేరినది. మగధ వరిమడి చీనా పట్టులోఁ బండినది.

సముద్రము దాటిన మన గుడ్డ

ఇఁక రెండవ ఘట్టము. ఇంగ్లీషు కుంఫిణీవారు 1682లో విశాఖపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిరి. భీమునిపట్టణమున డచ్చివారు వర్తకము సాగించిరి. ఈ రేవులనుండి పోయిన సరకులలో నూలుగుడ్డ ముఖ్యము. ఇచ్చటి తానులను "పుంజము"లచేత లెక్కించుచుండిరి. పడుగునందలి 120 పోగు లొక పుంజము. పుంజములు పెరిగినకొలఁది నేఁత దట్టమగును. దక్షిణమున మచిలీపట్టణపు ప్రాంతమునుండి చిరివేరు ఎఱుపును, నీలిమందు నీలమును గలిగిన అద్దకపు చీటిగుడ్డలు పోవుచుండెను.

ఆ చీటిగుడ్డ సీమలోఁ గలిగించిన సంచలన మింతంత కాదు. ఉదికినను రంగు పోని గుడ్డ వారికి వింత. దానితో నచ్చటి ఉన్ని, పట్టు నేఁతగాండ్రు మొఱపెట్టిరి. ఫ్రాన్సుదేశ ప్రభుత్వము 1686లో దానిని నిషేధించి 1759 వఱకు నా నిషేధమును నిలిపెను. ఇంగ్లండులో 1700వ సంవత్సరపు చట్ట మొకటి, 1721వ సంవత్సరపు చట్ట మొకటి దానికి నడ్డుకట్టలు వేసెను. నిషేధించిన వస్తువునకుఁ బ్రియమెక్కువ గదా! ఉన్న గుడ్డ చినిఁగినను బాఱవేయక, పూవు పోకుండ ముక్కలుగాఁ గత్తిరించి, మంచపు దుప్పట్లపైఁ గుట్టుకొనిరి. ఇంగ్లండునందలి లెవెన్సు హాలు అను భవనమున 1708 ప్రాంతపుదని చెప్పఁబడు దుప్పటి యొకటి కలదు. ఆ దేశమున నిలిచియున్న అతుకుపనులలో నది మిక్కిలి ప్రాచీనమైనవానిలో నొకటి. దానియందలి ముక్కలు హిందూదేశపు చీటిగుడ్డలు.

మన పెద్దలు సిగ్గుపడవలసిన దేమున్నది? మన యింట బొంతకుఁ బనికివచ్చిన ముక్క సీమదొరసాని పడకటింట నలంకారమై మూఁడువందల యేండ్లకుఁ బైఁగా నిలిచినది. ముక్క ముక్కయే. దానిని దాఁచుకొన్నవారికి మర్యాదయు, బాఱవేసినవారికి మఱపును మిగిలినవి.

పేర్ల చిక్కు

ఆ యతుకుపని యింగ్లండునుండి అమెరికాకుఁ బోయి యచ్చట విస్తరించినది. దుప్పటి నంతయు నొక్కసారి కుట్టుట కష్టము గనుక, చేతిలో నిముడునంతటి చతురస్రములను విడివిడిగాఁ గుట్టి, పిదప వానిని జేర్చు పద్ధతి యచ్చట వ్యాపించెను. ఒక్కొక్క చతురస్రమును మనము "గడి" యందము. గడికొక కూర్పు, కూర్పుకొక పేరు. తొమ్మిది ముక్కలగడి, దుంగల యిల్లు, ఎగురు బాతులు, ఎలుగుబంటి పాదము మొదలగునవి యట్టి పేళ్లు.

ఈ పేర్లను సేకరించుటలో వారు చూపిన శ్రద్ధ మనకు మార్గదర్శకము. 1915లో మేరీ వెబ్‌స్టరును, 1929లో రూత్ ఫిన్లేయును దుప్పట్లనుగూర్చి గ్రంథములు వ్రాసిరి. కేరీ హాల్ అను నామె యెనిమిదివందలకుఁ బైఁగా గడులను దన చేతఁ గుట్టి, వాని చిత్రములతో 1935లో రోజ్ క్రెట్సింగరుతోఁ గలసి గ్రంథమును వెలువరించి, గడులను గేన్ససు విశ్వవిద్యాలయపు మ్యూజియమున కిచ్చివేసెను. 1993లో బార్బరా బ్రాక్‌మన్ నాలుగువేలకుఁ బైఁబడిన కూర్పులను, పేరునుబట్టి గాక కట్టడమునుబట్టి వర్గములుగా విభజించి, ప్రతిదానికి నొక సంఖ్య నిచ్చి నిఘంటువుగాఁ గూర్చెను.

పేరునుబట్టి యేల విభజింపలేదు? ఎలుగుబంటి పాద మను కూర్పు నొక ప్రాంతమువారు అట్లు పిలువఁగా, లాంగ్ ఐలెండు దీవివారు "బురదలో బాతుకాలు" అనిరి. ఫిలడెల్ఫియాలోని క్వేకరు మతస్థులు "స్నేహహస్తము" అనిరి. కొండ యడవుల చేరువవారి కెలుగుబంటి, నీటియొడ్డువారికి బాతు, శాంతిప్రియులకు మిత్రుని చేయి కనఁబడినది. ముక్కలు మాత్ర మవియే. అందుచేతఁ గట్టడమే గుర్తింపునకు మూలము, పేరు దానిపైఁ బడిన ఊరిముద్ర. రెండును వ్రాసికొనవలసినవే.

ఇరుగుపొరుగు దేశములు

మన చుట్టుపట్లఁ జూచినను నిట్టి శ్రద్ధ కానవచ్చుచున్నది. సంస్కృతమున "కంథ" యనఁగా నతుకులవస్త్రము. శంకరభగవత్పాదులవిగాఁ జెప్పఁబడు భజగోవిందస్తోత్రమున వీధిలోని పేలికలతోఁ గుట్టిన యోగి కంథ ప్రశంసింపఁబడినది. ఆ పేరే వంగదేశమున "కాంథా" యై, ప్రాఁతచీరలపైఁ బూలును, చేపలును, రథములును గుట్టు కళగాఁ బెరిగినది. బీహారున "సుజని" యను బొంత శిశుజననమునకై సిద్ధపఱుపఁబడునది. ఉత్తర కన్నడమండలమున ఆఫ్రికా సంతతివారైన సిద్దీ స్త్రీలు కుట్టు "కవంది" యంచున మొదలై చుట్టుచు నడిమికిఁ జేరును. నాలుగు మూలల మడిచిన ముక్కలతో "ఫూల" యనఁబడు పూవుల నుంచనిదే బొంత దిగంబర మని వారి నమ్మకము. సింధుదేశమున "రల్లీ" యున్నది. మన లంబాడీ స్త్రీలు అద్దములతో, గవ్వలతో నతుకులను జేర్చి వస్త్రములకుఁ గాంతి దెచ్చుచున్నారు.

వీనియన్నిటిలో మన కులమున కత్యంత సన్నిహితమైనది ఓఢ్రదేశమునందలి పిప్పిలి. పురీ క్షేత్రమునకుఁ జేరువ నున్న యా యూరి దర్జీలు వంశపరంపరగా జగన్నాథుని సేవకై గుడ్డపై గుడ్డముక్కల నుంచి కుట్టు చాందినీలను, గొడుగులను జేయువారు. రథయాత్రలోఁ గూర్పునకును రంగునకును శాస్త్రము కలదు. జగన్నాథుని నందిఘోషమునకు ఎఱుపు పసుపులు, బలభద్రుని తాళధ్వజమునకు ఎఱుపు ఆకుపచ్చలు, సుభద్ర దర్పదళనమునకు ఎఱుపు నలుపులు. దూరమునుండి రంగును జూచియే యే దేవుని రథమో జను లెఱుఁగుదురు. ముక్కకు ముక్క చేర్చి కుట్టు పని దేవుని శిరస్సుమీఁద నీడ పట్టినపుడు, మన బొంతకుఁ దక్కువ యెక్కడిది?

గుర్తించు విధానము

ఇంతవఱకుఁ జెప్పినదానినిబట్టి, ఇంటిలోని బొంతను జేతఁబట్టుకొని యయిదు ప్రశ్న లడుగవలెను.

మొదటిది గుడ్డ. పోగు లొకచోట లావుగా నొకచోట సన్నముగా నుండినచోఁ జేతి వడుకు కావచ్చును. రంగును జూడుఁడు. రసాయనపు రంగులలో మొదటిదైన ఊదా 1856లోఁ బుట్టెను. చిరివేరు ఎఱుపునకు బదులైన రసాయనద్రవ్యము 1869లోను, కృత్రిమ నీలి విక్రయము 1897లోను వచ్చెను. పాలియెస్టరు నూలు 1941లోఁ గనుఁగొనఁబడెను. కాఁబట్టి పాలియెస్టరు ముక్క యొక్కటి కుట్టులోఁ గలిసియున్నను, ఆ కుట్టు 1941కిఁ బూర్వపుది కానేరదు. ముక్కలన్నిటిలోఁ జివరిగాఁ బుట్టినదియే బొంత వయస్సును దెలుపును.

రెండవది ముక్క యాకారము. చతురస్రమా, పట్టెయా, ముక్కోణమా, ఆఱుకోణములదా? ముక్కోణము కనఁబడినచోఁ గుట్టినయామె గుడ్డను గొలిచి మూలకుఁ గత్తిరించినదని తెలియవలెను. అడ్డకోఁతకు గుడ్డ సాగును. సాగకుండఁ గుట్టుట నేర్పరికే సాధ్యము.

మూఁడవది కూర్పు. దీనికిఁ దెనుఁగున నొక క్రమము లేదు గనుక, వ్యవహారమునకై మే మీ పేర్లను సూచించుచున్నాము. చతురస్రములే చేరినది "మడికూర్పు", నడిమి ముక్కచుట్టుఁ బట్టెలు పెరిగినది "చుట్టుపట్టె", ముక్కోణములు వరుసగా నిలిచినది "కోటకొమ్ము", నడుమనుండి ఎనిమిది దిక్కులకు విరిసినది "చుక్కపొడుపు", ఆఱుకోణములు గుమిగూడినది "తేనెపట్టు", ఏ క్రమమును లేక దొరకినది దొరకినట్లు చేరినది "కలగూర". చీర యంచున కోటకొమ్మును, వాకిట చుక్కలముగ్గును ఎఱిఁగిన మన యాఁడువారి కివి క్రొత్త కావు. కలగూరను జూచి చులకన చేయరాదు. దానియందును జాగ్రత్తగాఁ జూచినచో ముదురురంగు ప్రక్క లేఁతరంగు నుంచిన యుద్దేశము పలుమాఱు తేటపడును.

నాలుగవది కుట్టు. చేతికుట్టా, మిషనుకుట్టా? సింగరు తన మిషనుకు 1851లో హక్కుపత్రమును బొందెను గనుక మిషనుకుట్టు సామాన్యముగా దానికిఁ బిదపదియే. వరుసలు నిలువుగాఁ బోయినవా, అంచునుండి లోనికిఁ జుట్టుకొనిపోయినవా? ఒకచోటఁ జిన్నకుట్టు, వేఱొకచోటఁ బెద్దకుట్టు కనఁబడిన రెండు చేతులు పనిచేసినవని యూహింపవచ్చును. అత్తయుఁ గోడలును గలసి కుట్టియుందురు. లేదా, యొక్క చేయియే యౌవనమున మొదలిడి వార్ధకమున ముగించియుండును.

అయిదవది పేరు. ఇది బొంతను జూచినఁ దెలియదు, మనుష్యుల నడుగవలెను. ఇంటి ముసలమ్మ యేమని పిలిచినదో, ఏ యూరినుండి యా నమూనా తెచ్చినదో, ఎవరి కాన్పునకుఁ గుట్టినదో, ఆమె చెప్పిన మాటలలోనే వ్రాసికొనవలెను. మేము సూచించిన పేరు వేఱైనను ఆమె పేరును గొట్టివేయరాదు. బాతుకాలును, స్నేహహస్తమును గుర్తుంచుకొనుఁడు.

కర్తవ్యము

విశాఖపట్టణము 1933లో నోడరేవయ్యెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో నది జాతి కంకితమయ్యెను. రేవును, ఉక్కును నమ్మి యెన్నియో మండలములనుండి కుటుంబములు వచ్చి స్థిరపడెను. అచ్యుతాపురమున బ్రాండిక్సువారి వస్త్రనగరము వెలసి వేలకొలఁది స్త్రీలకు సూదిపని జీతపుఁబని యయ్యెను. సిద్ధవస్త్రములు వచ్చిన పిదప మన యంగళ్లలో గిరాకులు తగ్గినవి. కత్తెరక్రిందఁ బడు ముక్కలును నూలువి కాక పాలియెస్టరువి యగుచున్నవి. అవి బొంతకు మెత్తనివి కావు, చెమటను బీల్చవు. ఇల్లు మాఱునపుడు మొదట బయటఁ బడునది ప్రాఁతబొంతయే. మోటారుబండి తుడుచుటకుఁ బోవును. దానిని గుట్టిన ముసలమ్మ పోయిన పిదప దాని పేరు చెప్పువారుండరు. వస్తువు పోయిన యిరువదియేండ్లకుఁ గూడఁ బేరు నిలువవచ్చును. పేరు చెప్పు నోరు పోయిన మఱునాఁడే చరిత్రము పోవును.

కావున మన సంఘమువారు కొన్ని కార్యములఁ జేపట్టవలెనని ప్రార్థించుచున్నాము. ప్రతి శాఖవారును దమ యూళ్లలో నలువదియేండ్లు దాఁటిన బొంతలను వెదకి, రెండువైపుల ఛాయాచిత్రములను దీసి, పైఁ జెప్పిన యయిదు ప్రశ్నలకు సమాధానములను వ్రాయింపవలెను. ఆ విచారణ మన యిండ్లకే పరిమితము కారాదు. బొంత యన్ని కులముల యాఁడువారిది గనుక, నెవరి యింటనున్నను వారి పేరనే వ్రాయవలెను. పనివాఁడితనము గల పెద్దలు ఒక్కొక్క కూర్పునకు నొక్కొక్క గడిని, జానెడు చదరమున నూలుగుడ్డతోఁ గుట్టి సంఘమందిరమున నుంచవలెను. కేరీ హాల్ ఒక్కతె యెనిమిదివందలు కుట్టఁగా, ఇంత సంఘము కలసి నూఱు కుట్టలేదా? పోషకులైన ధనికులు వీనికై యొక గాజుబీరువాను, ఉప్పుగాలి సోఁకని గదిని సమకూర్చినచో, వారి దానము శిలాఫలకముకంటె నెక్కువ కాలము నిలుచును. బాలికల కేటేటఁ గూర్పులలోఁ బోటీ పెట్టి, గెలిచినవారికి బహుమానముగా నొక కత్తెరను, అంగుస్తానును ఇచ్చుట యుచితము.

కులముయొక్క ఔన్నత్యము తన పనిని దాఁచుటవలన రాదు, తన పనిని దెలిసికొనుటవలన వచ్చును. వేర్వేఱు ముక్కలను జింపక, కుదించక, వాని రంగును జెఱుపక, ఒకదాని యంచు నొకదానికిఁ జేర్చి చలికి నిలుచు వస్త్రముగాఁ జేయు విద్య మన చేతులలో నున్నది. బొంతలోని ముక్క దేనికదియే చిన్నది. కలిసినపుడే కప్పుకొనుటకుఁ జాలును. సంఘమన్నను నంతియే. మీ యిండ్ల పెట్టెలను దెఱచి చూడుఁడు. బొంత దొరకినచోఁ దుడుపుగుడ్డ గాకముందే దాని పేరడుగుఁడు.